వాడు చదువుకుంటున్నాడు, పిలవకండి

మన ఇళ్ళలో పని ఎగ్గొట్టడానికి సాకులకి కొదవలేదు. నడుం పట్టేసిందనొచ్చు, తల దిమ్ముగా ఉందనొచ్చు, ఆఫీసు నుంచి ముఖ్యమైన ఫోన్ రావాలంటూ బాల్కనీలో పచార్లు చేయొచ్చు. ఇవన్నీ ఒక పూట సాకులు. రెండో పూటకి ఎవరో ఒకరు అమృతాంజనం సీసా తెచ్చి ముందు పెట్టి, "కాస్త రాసుకుని ఆ గ్యాస్ బండ ఇటు జరపండి" అంటారు. నెలల తరబడి నిలబడే సాకు నాకు తెలిసి ఒక్కటే. చదువు. "వాడు చదువుకుంటున్నాడు" అన్న మాట చెవిన పడగానే తెలుగింట్లో టీవీ గొంతు తగ్గుతుంది, మిక్సీ కాసేపు ఆగుతుంది, వచ్చిన చుట్టాలు గుసగుసల్లోకి దిగుతారు. ఆ వాడికి పదహారేళ్ళా, నలభై ఆరేళ్ళా అన్న విచారణ ఉండదు.

నాకు 46.

మా ఆఫీసులో నన్ను సిస్టమ్స్ ఎగ్జిక్యూటివ్ అంటారు. పేరు చూసి మోసపోకండి. ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం చిరక్కుండా లాగడం, పాస్‌వర్డు మరిచిపోయినవాళ్ళకి కొత్తది పెట్టివ్వడం, "ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి" అని ఫోన్లో గంభీరంగా చెప్పడం, ఇదీ నా వృత్తి. ఇన్నేళ్ళూ ఇలా హాయిగా గడిచిపోయింది. ఈమధ్య వచ్చిన మేనేజరు, నాకంటే బాగా చిన్నవాడు, నా ఫైలు తిరగేసి, "సార్, మీరు సీసీఎన్‌ఏ చేసేయండి, బేసిక్ లెవెలే" అన్నాడు. ఆ "బేసిక్" అన్న మాట అతను నన్ను చూసి అన్నాడా, పరీక్షని చూసి అన్నాడా అన్నది ఇప్పటికీ తేలలేదు.

సీసీఎన్‌ఏ అంటే నెట్‌వర్కింగ్‌లోకి అడుగుపెట్టేవాళ్ళు మామూలుగా ముందు రాసే పరీక్ష. సిస్కో కంపెనీ 1998లో మొదలుపెట్టింది. ఇప్పుడు నడుస్తున్న పరీక్ష నంబరు 200-301, 2020 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. రెండు గంటలు. స్విచ్చులు, రౌటర్లు, ఐపీ చిరునామాలు, భద్రత, చివర్లో కాస్త ఆటోమేషన్. ఫలానా డిగ్రీ ఉండి తీరాలన్న షరతు లేదు. వయసు పైబడితే రాయకూడదన్న షరతూ లేదు. ఈ రెండోది చదివాకే సంగతి ఇంట్లో చెప్పాను.

"ఏం పరీక్షరా?" అంది మా అమ్మ.

"సీసీఎన్‌ఏ అమ్మా."

"సీఏనా?"

"మధ్యలో ఇంకో రెండక్షరాలుంటాయి."

"అయితే సీఏ కంటే పెద్దదన్నమాట" అని అమ్మ తేల్చేసింది. సాయంత్రానికల్లా అపార్టుమెంటులో పాలవాడితో సహా అందరికీ కబురు చేరింది. లిఫ్టులో మూడో అంతస్తు పెద్దాయన నా భుజం తట్టి, తన ఇన్‌కమ్‌టాక్సు కాగితాలు ఎప్పుడు తీసుకురమ్మంటారని అడిగాడు. పరీక్షలయ్యాక చూద్దామన్నాను.

మొదటి వారం నాకే కాస్త సిగ్గనిపించింది. పుస్తకం తెరిచేసరికి అల్లం టీ. పేజీ తిప్పేసరికి వేయించిన జీడిపప్పు. ఆదివారం పొద్దున్నే నా చేతికి రావలసిన ఎర్రగడ్డ రైతుబజార్ సంచి మా అబ్బాయి చేతికి పోయింది. కరెంటు బిల్లు, బియ్యం బస్తా, వాటర్ క్యాన్ల వాడితో తగాదా, బంధువుల గృహప్రవేశాలు, ఒక్కటొక్కటిగా నా ఖాతాలోంచి జారిపోయాయి. ఎవరైనా గుమ్మం దగ్గర నిలబడి నా పేరు ఎత్తబోతే అమ్మ పూజగదిలోంచే, "వాడు చదువుకుంటున్నాడు, పిలవకండి" అనేది. నేను పదో తరగతిలో ఉండగా ఆవిడ ఇదే మాట, ఇదే స్థాయిలో అనేది. అప్పుడు నేను పుస్తకంలో డిటెక్టివ్ నవల పెట్టుకుని చదివేవాణ్ణి.

రెండో వారానికి సిగ్గు పోయింది.

అసలు ఇబ్బంది మా అబ్బాయితో వచ్చింది. వాడు ఇంటర్ రెండో సంవత్సరం. ఎంసెట్ రాయాలి. ప్రభుత్వం దాని పేరు ఈఏపీసెట్ అని మార్చినా మా ఇంట్లో అది ఎంసెటే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గదా, ఒక ఏసీ గదిలో ఇద్దరు విద్యార్థులు అంతకన్నా ఇమడరు. "నాన్నా, నువ్వు గట్టిగా చదువుతుంటే నాకు ఇంటిగ్రేషన్ ఎక్కట్లేదు" అన్నాడు. నేను హాల్లోకి పోవాలని వాడి ఉద్దేశం. వాడు హాల్లోకి పోయాడు. మా అమ్మ తీర్పు. "వాడికింకా వయసుంది, ఎప్పుడైనా చదువుకుంటాడు. నాన్నకి ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?" అంది. ఆ మాటలో నా మీద ప్రేమ ఎంతో, నా ఆయుర్దాయం మీద అనుమానం ఎంతో నేను విడదీసి చూడలేదు.

ఇక మా ఆవిడ. హైస్కూల్లో లెక్కల టీచరు. రాత్రి పదింటికి గిన్నెలు సర్దుకుని, డైనింగ్ టేబుల్ ఒక మూల తడిగుడ్డతో తుడుచుకుని, యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆమె బీఈడీ చేసింది. ఒళ్ళో పిల్లాడు, పొయ్యి మీద పాలు, చేతిలో సైకాలజీ నోట్సు. "ఆమె చదువుకుంటోంది, పిలవకండి" అని ఆ రోజుల్లో ఈ ఇంట్లో ఎవరైనా అన్నట్టు నాకు గుర్తులేదు. నేనైతే అనలేదు. పైగా పాలు పొంగితే పక్కగదిలోంచి పిలిచేవాణ్ణి. ఇప్పుడు నా టీ గ్లాసు తీసుకెళ్ళడానికి ఆమె గదిలోకి వచ్చి, బల్ల మీది పుస్తకాన్ని, నన్నూ ఒకసారి చూసి వెళ్ళిపోయేది. ఆ చూపు నాకు తెలుసు. చివరి బెంచీలో తలొంచుకుని కూర్చున్న పిల్లవాణ్ణి చూసే చూపు.

సాకన్నాక దానికి కాస్త సామగ్రి కావాలి. అందుకని అమీర్‌పేట వెళ్ళాను. మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేసేసరికి దారి పొడవునా కరపత్రాలు. జావా, పైథాన్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్, మూడు నెలల్లో ఉద్యోగం. పంచే కుర్రాడు నన్ను చూసి ఒక్క క్షణం చెయ్యి వెనక్కి తీసుకుని, "మీ అబ్బాయికా అంకుల్?" అన్నాడు.

"అవును" అన్నాను.

డెమో క్లాసు ఉచితం. హాస్టల్లో ఇడ్లీ తిని నేరుగా వచ్చిన పిల్లల మధ్య, చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. సారు ఓఎస్‌ఐ నమూనాతో మొదలుపెట్టాడు. ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకి సమాచారం వెళ్ళే పనిని ఏడు పొరలుగా విడగొట్టి చూపించే లెక్క అది. 1984లో అంతర్జాతీయ ప్రమాణంగా అచ్చయింది. తీరా ఇవాళ ఇంటర్నెట్ నడిచేది టీసీపీ, ఐపీల మీద. అయినా ఏడు పొరలూ బట్టీ పట్టాల్సిందే. ఫిజికల్, డేటా లింక్, నెట్‌వర్క్, ట్రాన్స్‌పోర్ట్, సెషన్, ప్రెజెంటేషన్, అప్లికేషన్. వీటి ఇంగ్లీషు మొదటి అక్షరాలు గుర్తుండటానికి సాసేజ్ పిజ్జా పారేయొద్దంటూ ఒక వాక్యం ప్రచారంలో ఉంది. మా ఇంట్లోకి సాసేజీ రాదు. అందుకని అక్షరాలు అవే ఉంచి సొంతంగా ఒకటి కట్టుకున్నాను. పప్పు, దోసకాయ, నెయ్యి, తోటకూర, సాంబారు, పెరుగు, అప్పడం.

నా జీవితంలో నేను చేసిన పరిశోధన ఏదైనా ఉంటే ఇదే. ఇంటికొచ్చి, గదిలో అటూ ఇటూ తిరుగుతూ దీన్ని పైకి వల్లించాను. తలుపు అవతల అమ్మ విన్నది. మర్నాడు మధ్యాహ్నం విస్తట్లో పప్పు, దోసకాయ కూర, నెయ్యి, తోటకూర వేపుడు, సాంబారు, గడ్డపెరుగు, రెండు అప్పడాలు వచ్చాయి. "పాపం రాత్రంతా కలవరించాడు" అంది అమ్మ మా ఆవిడతో. ఏడు పొరలూ కిందనుంచి పైదాకా తినేసి, అక్కడే కునుకు తీశాను. పొరలు గుర్తున్నాయిగానీ వాటి పనులు కలగాపులగమయ్యాయి. ఇప్పటికీ ట్రాన్స్‌పోర్ట్ లేయర్ అనగానే నాకు టీసీపీ గుర్తురాదు, వెల్లుల్లి వేసిన తోటకూర వాసన వస్తుంది.

పుస్తకాలు కోఠీలో కొన్నాను. వెండెల్ ఓడమ్ రాసిన గైడు, రెండు సంపుటాలు, రెండూ ఇటుకల బరువు. పాతవే. నా కంటే ముందు వాటిని కొన్న మహానుభావుడెవరో మొదటి సంపుటంలో ముఖ్యమైన వాక్యాలకి పచ్చరంగు హైలైటర్ పూశాడు. మొదటి అధ్యాయంలో ప్రతి పేరాకీ రంగే. రెండో అధ్యాయంలో పేజీకో రెండు గీతలు. ఇంకొన్ని అధ్యాయాలు దాటాక ఒక మూల చిన్న పచ్చ చుక్క, అంతే. ఆ తర్వాత రెండో సంపుటం చివరి అట్ట దాకా పుస్తకం పెళ్ళికూతురి చీరంత కొత్తగా ఉంది. ఆ చుక్క దగ్గర ఆయనకి ఏమైందో మొదట నాకు తెలియలేదు. నేను కూడా అక్కడికి చేరుకున్నాక అర్థమైంది.

అర్థమైంది అని అంటున్నది సబ్‌నెట్టింగు గురించి. సీసీఎన్‌ఏ రాసినవాళ్ళెవర్నయినా కదిలించి చూడండి, ముందు ఈ పేరే చెబుతారు. ఐపీవీ4 చిరునామా అంటే 32 బిట్లు. అన్నీ కలిపితే 429 కోట్ల పైచిలుకు చిరునామాలు. వాటిని ముక్కలు చేసి ఎవరి ముక్క వాళ్ళకిచ్చే విద్య సబ్‌నెట్టింగు. మన అన్నదమ్ముల ఆస్తి పంపకాలకీ దీనికీ ఒకటే తేడా, ఇందులో లెక్క ప్రకారం పంచుతారు. 192.168.10.77 స్లాష్ 26 అన్న చిరునామా ఏ ముక్కలో ఉంది, ఆ ముక్కలో మొదటి నంబరేది, చివరిదేది, మధ్యలో వాడుకోవడానికి ఎన్ని మిగులుతాయి? పరీక్షలో క్యాలిక్యులేటరు ఇవ్వరు. నేను కాగితం మీద ఒకట్లూ సున్నాలూ 32 రాసి, కింద గీత గీసి, మళ్ళీ లెక్కపెడితే 31 వచ్చాయి.

టీ గ్లాసు కోసం వచ్చిన మా ఆవిడ నా భుజం మీదుగా చూసింది. "స్లాష్ 26 అంటే ఏంటి?"

"ముందు 26 బిట్లు నెట్‌వర్కువి. మిగతా ఆరు మనవి" అన్నాను, గురువుగారి గొంతుతో.

"రెండు పవర్ ఆరు, అరవై నాలుగు. అంటే సున్నా, 64, 128, 192. 77 రెండోదాంట్లో పడుతుంది. మొదలు 64, చివర 127."

"మొదటిదీ చివరిదీ ఎవరికీ ఇవ్వకూడదు" అన్నాను. నాకు మిగిలిన జ్ఞానం అదొక్కటే.

"అయితే 62" అని గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏదో ఉన్నట్టుంది, లెక్క చెబుతూనే అటువైపు ముక్కుతో చూస్తోంది. నేను ఆ జవాబు పుస్తకంలో సరిచూసుకుని, నా చేతిరాతలో ఎక్కించుకున్నాను.

ప్రాక్టీసుకి ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేరుంది. సిస్కో వాళ్ళ నెట్‌వర్కింగ్ అకాడమీ ఉచితంగా ఇస్తుంది. రౌటర్లు, స్విచ్చులు కొనక్కర్లేదు, తెర మీదే బొమ్మలు పెట్టి తీగలు కలుపుకోవచ్చు. నా సాకుకి ఇంతకన్నా గొప్ప సామగ్రి లేదు. గదిలోకి ఎవరొచ్చినా తెర నిండా డబ్బాలు, వాటి మధ్య పచ్చ త్రికోణాలు. అమ్మ ఒకసారి చూసి దణ్ణం పెట్టుకుంది. ఆ విండో వెనకాల యూట్యూబులో జంధ్యాల కామెడీ ముక్కలు నడిచేవని ఆవిడకి తెలియదు.

ఇందులో ఒక ముచ్చట చెప్పకపోతే తోచదు. స్విచ్చుకి కొత్తగా తీగ కలపగానే అక్కడ నారింజరంగు చుక్క వస్తుంది. అది పచ్చబడటానికి సుమారు 30 సెకన్లు పడుతుంది. తీగలు చుట్టూ తిరిగి వలయంగా కలిసిపోయాయేమోనని స్విచ్చు పరీక్షించుకునే సమయం అది. అలా కలిసిపోతే ఒక కబురు ఆ వలయంలో తిరుగుతూనే ఉంటుంది, పెరుగుతూనే ఉంటుంది, మొత్తం నెట్‌వర్కు కూలబడుతుంది. దాన్ని ఆపే ఉపాయం పేరు స్పానింగ్ ట్రీ. నేను ఆ 30 సెకన్లని అరగంట దాకా సాగదీయగలిగాను. "ఏమండీ, ఒక్కసారి వస్తారా?" అంటే, "చుక్క ఇంకా నారింజలోనే ఉంది" అనేవాణ్ణి.

రౌటరూ తన వంతు సాయం చేసింది. కమాండు కొట్టేటప్పుడు ఒక అక్షరం అటూ ఇటూ అయిందనుకోండి, అది తప్పని చెప్పదు. ఇదెవరిదో పేరు కాబోలనుకుని 255.255.255.255కి, అంటే వినగలిగిన వాళ్ళందరికీ, వీరి చిరునామా తెలుసా అని కబురంపి, జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. తెలిసినవాళ్ళు మొదటిరోజే "నో ఐపీ డొమైన్ లుకప్" అని ఒక ముక్క కొట్టి ఈ జబ్బు కుదురుస్తారు. కంట్రోల్, షిఫ్ట్, 6 కలిపి నొక్కినా దారికొస్తుంది. ఈ రెండు మందులూ నాకు తెలుసు. వాడలేదు. రౌటరు ఎదురుచూస్తున్నంతసేపూ నేనూ ఎదురుచూసేవాణ్ణి.

ఇంతలో ఇల్లు నాకొక ప్రాక్టికల్ పెట్టింది. హాల్లో టీవీకి వైఫై అందడం లేదు. "నెట్‌వర్కింగే కదా, ఒక వైరు లాగెయ్యరాదూ" అన్నారు. తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్న, సిలబస్సులోదే. సుల్తాన్ బజార్ పక్కన క్యాట్ 6 కేబులు, ఒక గుప్పెడు ఆర్‌జే45 కనెక్టర్లు, క్రింపింగ్ టూలు కొన్నాను. కేబులు పై తోలు ఒలిస్తే లోపల ఎనిమిది సన్నని తీగలు, రెండేసి చొప్పున మెలితిప్పి ఉంటాయి. వాటిని విప్పి, సాపుచేసి, వరసలో పెట్టి కనెక్టర్లోకి దూర్చాలి. నా కళ్ళజోడు సరిపోక అమ్మని రంగులు చదవమన్నాను.

"తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ... ఆగు. పచ్చజత మధ్యలో నీలంజతనెందుకు పెట్టారురా? జత విడదీయకూడదుగా."

మంచి ప్రశ్న. పుస్తకంలో ఆ పచ్చ చుక్క దాటినవాడెవడైనా చెప్పగలడేమో. "అది కంపెనీవాళ్ళ పద్ధతమ్మా" అన్నాను. హాల్లో ఇంటిగ్రేషన్ చేసుకుంటున్న మా అబ్బాయి ఫోన్లో వెతికి, తల ఎత్తకుండానే చెప్పాడు. పూర్వం టెలిఫోను తీగలు సాకెట్టులో నడిమధ్య రెండు పిన్నులకి వచ్చేవట. ఆ పాత అలవాటు చెడకుండా నీలంజతని నడిమధ్య ఉంచి, తర్వాతి జతని దానికి అటొకటీ ఇటొకటీ సర్దారట. "పెద్దవాళ్ళకి మధ్యలో పీట వేశారన్నమాట, బాగానే ఉంది" అంది అమ్మ.

కనెక్టరు లోపలికి దూర్చి, టూలుతో కటుక్కున నొక్కి, గర్వంగా ఎత్తి చూపించాను. కేబులుకి ముందుగానే ఎక్కించాల్సిన రబ్బరు తొడుగు ఇంకా బల్ల మీదే ఉంది. కనెక్టరు కోసేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి తొడుగు ఎక్కింది, గోధుమరంగు తీగ బయటికొచ్చింది. మళ్ళీ కోశాను. తర్వాత రెండు రంగులు తారుమారు. ఇలా కోసుకుంటూ పోతుంటే కేబులు తరిగిపోయింది. ఈ రకం కేబులు వంద మీటర్ల దాకా పనిచేస్తుందని పుస్తకంలో ఉంది. మాది టీవీకి జానెడు తక్కువ పడింది. చివరికి టీవీ స్టాండునే గోడ వెంబడి జానెడు ఇటు జరిపాం. ఇప్పుడు అందరూ కాస్త మెడ వంచి సీరియల్ చూస్తున్నారు.

పతనం ఆ తర్వాతి వారం మొదలైంది. ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర నాకు మాట్లాడాలనిపించింది. మొదటి సంపుటం పూర్తయిందని ప్రకటించాను. నమ్మకం కలగడానికి స్పానింగ్ ట్రీ కథ చెప్పాను. దాన్ని కనిపెట్టింది ర్యాడియా పర్ల్‌మన్ అనే ఆవిడ, 1985లో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసేటప్పుడు. కనిపెట్టడంతో ఊరుకోక దాని మీద ఒక కవిత కూడా రాసింది. ఇదంతా ఒక వీడియోలో విన్నదే. అయినా పెరుగన్నం కలుపుతూ చాలా అందంగా చెప్పాను. అమ్మ నా వైపు చూసి కళ్ళు తుడుచుకుంది.

"స్పానింగ్ ట్రీ అధ్యాయం మొత్తం చదివారా?" అంది మా ఆవిడ.

"రెండుసార్లు."

"అందులో మీకేమైనా దొరికిందా?"

"దొరకడమంటే... విజ్ఞానం దొరికింది."

ఆమె లేచి చెయ్యి కడుక్కుని, గదిలోకి వెళ్ళి, మొదటి సంపుటం తెచ్చింది. తడబడకుండా సరిగ్గా ఆ పేజీ తెరిచింది. అక్కడ ఒక ఐదు వందల నోటు, మడత నలగకుండా, సిస్కో స్విచ్చుల బొమ్మ మీద పడుకుని ఉంది. "వినాయక చవితి ముందు పెట్టాను" అంది. మేము మాట్లాడుకుంటున్నది కార్తీక మాసంలో.

మా అబ్బాయి నవ్వు ఆపుకోలేక అన్నం వదిలేసి లేచాడు. అమ్మ ఒక్కతే నా పక్షాన నిలబడింది. "డబ్బు కనబడినా ముట్టుకోలేదు, అదీ నా పెంపకం" అంది.

అయినా కేసు కొట్టేయలేదు. మా ఆవిడ ఆ రాత్రే ల్యాప్‌టాప్ తీసి పరీక్ష బుక్ చేసింది. ఫీజు 300 డాలర్లు, మన డబ్బుల్లో పాతిక వేల పైమాట. నేను ఇన్నాళ్ళూ "ఇంకొంచెం గట్టిపడ్డాక" అని వాయిదా వేస్తున్నది ఆ ఒక్క బటనే. ఇంటి నుంచి కూడా రాయొచ్చు, నాలుగు గోడల ఫోటోలు పంపాలి, రాస్తున్నంతసేపూ ఆ గదిలోకి ఎవరూ రాకూడదు, పైకి చదువుకోకూడదు. ఈ నిబంధనలు చదువుతుంటే నా ముఖం వెలిగినట్టుంది. ఇల్లంతా నాకొక్కడికే! "ఇంట్లో వద్దు. మేం ఇప్పటికే సగం బయటే ఉన్నాం" అని టెస్ట్ సెంటరు మీద నొక్కింది. ఐదు వందల నోటు మాత్రం ఫీజులోకి జమ వేయనివ్వలేదు, పుస్తకంలోనే ఉంచమంది, ఈసారి వేరే చోట.

తేదీ ఖాయమయ్యాక ఇంట్లో వాతావరణం మారింది. మారుతుందని నేను అనుకున్న దిశలో మాత్రం కాదు. అల్లం టీ ఆగిపోయింది. "పాతిక వేలు పోశాం, ఇక ఆయనే చదువుతారు" అన్నది లెక్క. ఏసీ గది మా అబ్బాయికి దక్కింది. రైతుబజార్ సంచి తిరిగొచ్చింది. నాకు వంటింటి గుమ్మం దగ్గర ఒక ప్లాస్టిక్ స్టూలు, చేతిలో చిక్కుడుకాయల పళ్ళెం. ఎదురుగా అమ్మ, కళ్ళజోడు పెట్టుకుని, నేను రాసిన పోర్టు నంబర్ల కాగితం పట్టుకుని.

"22?"

"ఎస్ఎస్‌హెచ్."

"23?"

"టెల్‌నెట్. అది వాడకూడదమ్మా. పాస్‌వర్డు దారిలో ఎవరికైనా కనబడిపోతుంది."

"వాడకూడనిది నేర్చుకోవడం దేనికి?"

"వాడకూడదని తెలియడానికి."

"53?"

"డీఎన్ఎస్."

"ఈనె సరిగ్గా తియ్యి. 69?"

ఈ పద్ధతిలో కాయలు ఒక పక్క, పోర్టులు ఒక పక్క వచ్చేస్తున్నాయి. ఏసీలో కూర్చుని నెలల తరబడి ఎక్కనివి స్టూలు మీద ఎక్కుతున్నాయంటే నాకే వింతగా ఉంది, కొంచెం కోపంగానూ ఉంది. పరీక్షలో ఒక ప్రశ్న దాటితే మళ్ళీ వెనక్కి వచ్చి దిద్దుకోవడానికి వీలుండదని చెప్పాను అమ్మకి. "తప్పు రాసినా?" అని ముక్కున వేలేసుకుంది. ఎన్ని మార్కులొస్తే పాసో సిస్కో వాళ్ళు ముందుగా చెప్పరని కూడా చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "ముప్పై అయిదు కూడా కాదా?" అంది. కాదన్నాను. ఫెయిలైతే ఐదు రోజులు ఆగి మళ్ళీ రాయొచ్చన్న సంగతి మాత్రం గుమ్మం అవతలికి వినబడకుండా చెప్పాను. మళ్ళీ ఫీజు కట్టాలి గదా.

ఆ సాయంత్రం ఫ్రిజ్ మీద ఒక కాగితం కనబడింది. మా ఆవిడ టీచరు దస్తూరీ. ఒకటి, టీ రోజుకి రెండు. రెండు, ప్యాకెట్ ట్రేసర్ గంట, తలుపు తీసి ఉంచి. మూడు, 64 ఎక్కం, 32 ఎక్కం, 16 ఎక్కం పొద్దున్నే అప్పజెప్పాలి. నాలుగు, కూరగాయలు. అంతే, ఇంకేం లేదు.

"మరి క్రికెట్టు?" అన్నాను. "ఆదివారం పడక?"

"జాబితాలో ఉందా?"

"వద్దని కూడా లేదుగా."

"రెండో సంపుటంలో యాక్సెస్ లిస్టుల అధ్యాయం చదివితే తెలిసేది" అంది. చదివాను. రౌటరులో ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో ఒక జాబితా రాస్తారు. పైనుంచి ఒక్కో వాక్యం చూసుకుంటూ వస్తుంది. జాబితా చివర్లో ఎవరూ రాయని, తెర మీద కనబడని వాక్యం ఒకటి ఎప్పుడూ ఉంటుంది, మిగతావన్నీ నిషిద్ధం అని. అప్పటిదాకా నేను ఒక్క పేజీ కూడా చదవని సంపుటం ఆమె ఎప్పుడు చదివిందో నాకు తెలియదు. రాత్రి పదకొండింటికి, పేపర్లు దిద్దాక, అదే డైనింగ్ టేబుల్ మూలన అయి ఉంటుంది.

వ్యాసం రాయడం కూడా ఆ జాబితాలో లేదు. అందుకే ఇది ఎలా రాస్తున్నానో మీకు చెప్పాలి. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. ఒళ్ళో రెండో సంపుటం నిటారుగా నిలబెట్టి ఉంది. దాని లోపల తెల్లకాగితాలు. పదో తరగతి అభ్యాసం ఎక్కడికి పోతుంది? చిక్కుడుకాయలు అయిపోయాయి, అమ్మ కాగితం పట్టుకుని కునుకుతోంది, కుక్కర్ రెండో కూత వేసింది.

"ఏ పేజీలో ఉన్నారు?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"ముప్పై నాలుగు" అన్నాను, తల ఎత్తకుండా.

"నోటు ముప్పై ఆరులో పెట్టాను. ఇంకో కాగితం తిప్పి, చదివాక తీసుకోండి. మూడో కూతకి స్టవ్ కట్టేయాలి."